వరండాకి పన్నెండు అడుగులు

ఏ ఇంటి ముందు జీపు ఆగినా లీలామణి సిస్టర్ ముందు చేసే పని ఒకటే. దిగి బండి ముందుకి వస్తుంది. రెండు అరచేతులూ బానెట్ మీద ఆనించి నిలబడుతుంది, ఇరవై లెక్కపెట్టేంతసేపు. తర్వాత చేతులు తిప్పి వెనకవైపు కూడా ఆనిస్తుంది. అప్పుడు సంచీ భుజానికి తగిలించుకుని, చేతులు స్వెట్టరు లోపల దాచుకుని మెట్లెక్కుతుంది.

మా ఏలకుల కొండ మీద వానలు మొదలైన దగ్గర్నుంచి చలి పోయేదాకా అందరి చేతులూ చల్లగానే ఉంటాయి. మంచంలో ఉన్న మనిషికి చల్లటి చెయ్యి తగిలితే ఒళ్ళు ముడుచుకుంటుంది. ముడుచుకున్న ఒంట్లో నొప్పి ఎక్కడుందో చేతికి తెలియదు. ఇది ఆమె నాకు చెప్పలేదు. ఆరేళ్లు ఆ జీపు నడిపి తెలుసుకున్నాను. కొత్తలో ఒకసారి అడిగాను.

"ఇంజను బతికుందో లేదో చూస్తున్నాను బెన్నీ, నువ్వు తోలే తీరుకి" అంది.

ఆమెది ఈ కొండ కాదు. కింద కుట్టనాడులో నీళ్ల మధ్య వరి పండే ఊరు. పడవెక్కి బడికి వెళ్లిన మనిషి. పెళ్లి చేసుకుని పైకి వచ్చింది. భర్త శశిధరన్‌కి బజార్లో కుట్టుమిషను ఉంది. పద్దెనిమిదేళ్లు కాన్పుల వార్డులో పనిచేసింది. యాభై దగ్గరపడుతుండగా ఆ పని వదిలి, పంచాయతీ నడిపే ఈ పనికి వచ్చింది. ఇక నయం కాదని ఆసుపత్రి ఇంటికి పంపేసిన వాళ్ల దగ్గరికి వెళ్లడం. పుండ్లు కడగడం, గొట్టాలు మార్చడం, స్నానం చేయించడం, నొప్పి తగ్గే మాత్రలు ఇవ్వడం. ఎందుకు మారావని అడిగిన వాళ్లకి ఒకటే జవాబు.

"అక్కడ వచ్చేవాళ్లంతా ఏడుస్తూ వచ్చేవాళ్లు. ఇక్కడ అంత గోల లేదు."

మాకు ముప్పై ఎనిమిది ఇళ్లు. డాక్టరు మాత్రం ఒక్కరే. నఫీసా డాక్టర్ ఉండేది కింద పట్నంలో, మూడు గంటల దారి. మంగళవారం, శనివారం మధ్యాహ్నం ఫోనులో కనిపిస్తుంది. సిస్టర్ ఫోను పట్టుకుంటుంది, డాక్టరు రోగిని చూస్తుంది, మాట్లాడుతుంది, మందు చెబుతుంది. గట్టి మాత్రలు సిస్టర్ దగ్గరే తాళం వేసిన రేకుపెట్టెలో ఉంటాయి. ఎన్ని ఇవ్వాలో చెప్పాల్సింది మాత్రం డాక్టరే. సగం మాత్ర పెంచాలన్నా ఆమె చూడాలి, ఆమె చెప్పాలి.

మా కొండ మీద ఎవరింటికి ఎవరు వచ్చినా వరండాలోనే కూర్చుంటారు. బిషప్ వచ్చినా వరండాయే. పడకగది చుట్టాలకి కూడా చూపరు. ఫోనులో డాక్టరు రావడం కూడా రావడమే కదా. అందుకని ఆ రెండు రోజులూ పొద్దున్నే రోగికి గడ్డం గీసి, తలకి నూనె రాసి, చర్చికి కట్టుకునే తెల్లబట్టలు కట్టి, వరండాలో కుర్చీ వేసి కూర్చోబెట్టేవాళ్లు. సిగ్నలు కూడా చాలా ఇళ్లలో వరండాలోనే దొరికేది. సిస్టర్‌కీ ఆ పద్ధతి నచ్చింది. వెలుతురు బాగుంటుందనీ, మొహం స్పష్టంగా కనిపిస్తుందనీ చెప్పి, కుర్చీ ఎటు తిప్పాలో కూడా ఆమే నేర్పింది. ఆ తప్పు తనదేనని తర్వాత చాలాసార్లు అంది.

ఇట్టూప్ అప్పచ్చన్ ఇల్లు మా దారిలో చివరిది. డెబ్బై నాలుగేళ్ల మనిషి, కొండ మీద అందరికీ తాత వరస. పదమూడేళ్లప్పుడు తండ్రి వెనక కొడవలి పట్టుకుని ఈ కొండెక్కాడు. ఇప్పుడున్న తోటలో ప్రతి మిరియపు తీగా ఆయన పాకించిందే. జబ్బు ఎముకల్లోకి దిగింది. కొడుకూ కోడలూ పగలంతా ఏలకుల్లో ఉంటారు. చూసుకునేది భార్య అన్నక్కుట్టి అమ్మచ్చి.

మూడు నెలల పాటు వారానికి రెండుసార్లు ఆ వరండాలో ఒకే మాట నడిచింది.

"అప్పచ్చా, సున్నా అంటే అసలు నొప్పి లేదు. పది అంటే భరించలేను. ఇప్పుడు ఎంత?" అని ఫోనులోంచి డాక్టరు అడిగేది.

"రెండు" అనేవాడు ఇట్టూప్. తెల్ల జుబ్బా, తెల్ల పంచె, కుర్చీ చేతుల మీద రెండు చేతులు. "నా సంగతి వదిలెయ్యండి. మీరే చిక్కిపోయారు డాక్టరమ్మా. అక్కడ మీకు అన్నం పెడుతున్నారా?"

డాక్టరు నవ్వేది. "మందు అలాగే ఉండనివ్వండి లీలచ్చేచ్చీ" అనేది, సిస్టర్‌ని అక్క వరస కలిపి. మేము బయల్దేరేవాళ్లం. మలుపు తిరిగేదాకా ఆయన ఆ కుర్చీలోనే కూర్చుని చెయ్యి ఊపేవాడు. ఎంత మర్యాద అనుకునేవాణ్ని.

కర్కాటక మాసపు వానల్లో ఒక మంగళవారం సిస్టర్ కత్తెర పెట్టె అక్కడే మరిచిపోయింది. మలుపు దాటాక గుర్తొచ్చింది. బురదలో జీపు వెనక్కి తిప్పడం కష్టమని ఇద్దరం నడిచి వెళ్లాం. వాన చప్పుడులో మా అడుగులు వినిపించలేదు.

ఇట్టూప్ వరండా నేల మీద ఉన్నాడు. చేతుల మీదా మోకాళ్ల మీదా. గడప దాటడానికి ఒక చెయ్యి లోపల పెట్టాడు, రెండోది పెట్టలేకపోతున్నాడు. పంచె నేలకి రాసి పాడవకుండా అన్నక్కుట్టి దాని అంచు ఎత్తి పట్టుకుని పక్కనే వంగి నడుస్తోంది.  అలవాటైన పనిలా ఉంది.

నేను ముందుకి వెళ్లబోయాను. సిస్టర్ నా మోచెయ్యి పట్టుకుంది. ఆయన గడప దాటి, మంచం అందుకుని, ఎక్కి పడుకునేదాకా వానలోనే నిలబడ్డాం. తర్వాత ఆమె మెట్ల దగ్గర గట్టిగా దగ్గి లోపలికి వెళ్లింది. మంచం పక్కన ముక్కాలిపీట లాక్కుని కూర్చుంది. నేను గుమ్మం దగ్గర ఆగాను.

"నొప్పి రెండన్నావు కదా అప్పచ్చా."

ఆయన కళ్లు తెరవలేదు. "జీపు ఉన్నంతసేపూ రెండే."

"జీపు పోయాక?"

"జీపు పోయాక లెక్క అడిగేవాళ్లెవరు?"

"నేను అడుగుతున్నాను."

"నువ్వు కత్తెర కోసం వచ్చావు. అదిగో, కిటికీలో ఉంది. తీసుకుని వెళ్లు."

అన్నక్కుట్టి గోడ వైపు తిరిగి నిలబడింది. "రాత్రి నొప్పికి నాలుగుసార్లు నన్ను లేపుతారు. తెల్లారితే రాజుగారు" అంది గోడతోనే.

"నువ్వు నోరు మూసుకోవే."

"యాభై రెండేళ్లు మూశాను."

సిస్టర్ పీట మీంచి లేవలేదు. ఆయనే కాసేపటికి కళ్లు తెరిచాడు.

"కురియాప్పన్ ఏమయ్యాడో తెలుసు కదా సిస్టర్."

తెలుసు. పక్క తోట మనిషి. పోయిన ఏడాది నొప్పికి కేకలు పెడితే కొడుకులు కింద ఆసుపత్రికి తీసుకెళ్లారు. నాలుగో రోజు శవంతో అంబులెన్సు పైకి వచ్చింది. ఇట్టూప్ దారిలోకి ఎదురెళ్లి, వంగి అందులోకి చూసి, తిరిగి ఇంటికి వచ్చాడు. నన్ను మాత్రం దించొద్దు అని ఆ రోజే భార్యకి చెప్పాడు.

"కురియాప్పన్ కేకలు పెట్టాడు, దించేశారు. నేను పెట్టను. రెండు అంటాను. ఈ మంచం నాది, ఈ కిటికీ నాది. నువ్వు ఆ డాక్టరమ్మకి ఈ సంగతి చెప్పావో, మళ్లీ నా మెట్లెక్కొద్దు."

"డాక్టరు దించుతుందని నీకెవరు చెప్పారు?"

"కాదని ఎవరు చెప్పారు?"

 చెప్పనని ఒట్టు వెయ్యమన్నాడు. సిస్టర్ వెయ్యలేదు. చెబుతానని కూడా అనలేదు. లేచి, కత్తెర తీసుకుని, మంచం నుంచి వరండా మూలలో కుర్చీ దాకా అడుగులు లెక్కపెడుతూ నడిచింది. పన్నెండు.

జీపు దగ్గరికి వచ్చాక, ఇంజను చల్లారిపోయిందని తెలిసి కూడా, చేతులు బానెట్ మీద పెట్టింది.

"మూడు నెలలు" అంది. "వారానికి రెండుసార్లు పన్నెండు అడుగులు రప్పించి, పన్నెండు అడుగులు పాకించాను. వెలుతురు బాగుందని."

"మీకెలా తెలుస్తుంది చేచ్చీ."

"ముందు బండి తియ్యి."

సిగ్నలు గట్టిగా దొరికే చర్చి మలుపులో ఆపమంది. డాక్టరుకి ఫోను చేసింది. పేరు చెప్పలేదు.

"ఒక సంగతి అడగాలి. రోగికి నొప్పి ఎనిమిదో తొమ్మిదో ఉంటే, తప్పకుండా కిందికి దించాల్సిందేనా?"

"ఎవరికి?"

"ఎవరికైనా."

డాక్టరు కొంచెం ఆగింది. "మాత్ర మింగగలిగితే, వాంతి కాకపోతే, వేళకి ఇచ్చే మనిషి ఇంట్లో ఉంటే అక్కర్లేదు. మోతాదు పెంచిన మొదటి మూడు రోజులు మీరు రోజూ వెళ్లి చూడాలి. మత్తు ఎక్కువైందా, ఊపిరి సరిగ్గా ఉందా అని. వెళ్లగలరా?"

"వెళ్తాను."

"మధ్యలో ఆదివారం వస్తే?"

"ఆదివారం కూడా అందరూ ఊపిరి తీసుకుంటారు కదా డాక్టర్."

"అయితే చూపించండి. చూడకుండా నేను పెంచలేను. మీ మాట నమ్మక కాదు, రాసి సంతకం పెట్టేది నేను."

ఫోను పెట్టేశాక కూడా సిస్టర్ బండి తియ్యమనలేదు. చూపించాలంటే ఆయన్ని మంచంలో చూపించాలి. మంచం దగ్గర సిగ్నలు లేదు. ఉన్నా ఆయన ఒప్పుకోడు. ఒప్పుకోకుండా చూపిస్తే ఆ ఇంటి తలుపు ఇక తెరుచుకోదు. తెరుచుకోకపోతే ఆయన ఆ గదిలోనే, రెండు అనుకుంటూ, పళ్లు బిగించి పోతాడు.

"నీ ఫోను వరండాలో పట్టుకుంటే దాని సిగ్నలు నా ఫోనుకి ఇవ్వొచ్చా?" అని అడిగింది చివరికి.

ఇవ్వొచ్చు. మా ఇంట్లో పిల్లలు రోజూ చేసే పనే అది. మూడు నెలల్లో మా ఇద్దరిలో ఎవరికీ తట్టలేదు. పడకగదిలోకి డాక్టర్ని తీసుకెళ్లడమనే ఆలోచనే రాలేదు మాకు.

శనివారం వెళ్లేసరికి వరండాలో కుర్చీ లేదు. లోపల్నుంచి ఇట్టూప్ గొంతు వినిపించింది.

"నా జుబ్బా ఏదే?"

"నానబెట్టాను" అంది అన్నక్కుట్టి.

"ఈ వానలోనా?"

"మురికిగా ఉంది."

"ఇంకోటి?"

"అదీ నానబెట్టాను."

"పంచె?"

"మోకాళ్ల దగ్గర మరకలు. ఎంత రుద్దినా పోవట్లేదు. ఎలా పడ్డాయో మరి."

 సిస్టర్ బానెట్ మీదనుంచి చేతులు తీసి, స్వెట్టరులో పెట్టుకుని లోపలికి వెళ్లింది. ఇట్టూప్ చిరుగుల బనీనుతో, నడుముదాకా దుప్పటితో పడుకుని ఉన్నాడు. ఆమెను చూసి మొహం తిప్పుకున్నాడు.

"మీరిద్దరూ కూడబలుక్కున్నారు."

"లేదు అప్పచ్చా. అమ్మచ్చి సొంతంగా చేసింది." సిస్టర్ పీట మీద కూర్చుని ఆయన చెయ్యి తన చేతుల్లోకి తీసుకుంది. "మంగళవారం నేనొక మాట అడిగాను డాక్టర్ని. నీ పేరు చెప్పకుండా. నొప్పి తొమ్మిదున్నా మంచంలోనే ఉంచి తగ్గించొచ్చట. కానీ ఆవిడ చూడాలి. వరండాలో రాజుగారిని కాదు."

"నీతో అలాగే అంటుంది. చూశాక దించమంటుంది."

"ఆ మాట నువ్వే అడుగు. ఆవిడ మొహం చూసి అడుగు. దించుతానంటే ఫోను ఆపేస్తాను. మళ్లీ నీ మెట్లెక్కను."

ఆయన చాలాసేపు ఆమె చేతుల్లో ఉన్న తన చేతినే చూశాడు.

"ఈ బనీనుతో పరాయి ఆడమనిషికి కనపడమంటావా?"

అప్పుడు నేను నా ఖాకీ చొక్కా విప్పి ఇచ్చాను. అన్నక్కుట్టి తొడిగి బొత్తాలు పెట్టింది. ఒక్కో చెయ్యి దూర్చడానికి ఎంతసేపు పట్టిందో అప్పుడే చూశాను.

"డెబ్బై నాలుగేళ్లకి డ్రైవర్ని చేశారు" అన్నాడాయన. "జీతం ఎవరిస్తారు?"

నేను వరండా మూలకి వెళ్లి ఫోను ఎత్తి పట్టుకుని నిలబడ్డాను. కింద పెడితే సిగ్నలు పోతుంది. నా బనీను మీదికి జల్లు కొడుతోంది. తలుపు తెరిచే ఉంది. లోపల సిస్టర్ మంచం మీదుగా తన ఫోను పట్టుకుంది.

"అప్పచ్చా, ఇవాళ చొక్కా మారింది" అంది డాక్టరు గొంతు.

"ఇల్లంతా మారిపోయింది డాక్టరమ్మా."

"ఒకసారి ఎడమవైపు తిరుగుతారా?"

తిరగడం మొదలుపెట్టాడు. సగంలో ఆగాడు. దుప్పటి నోట్లో పెట్టుకున్నాడు. సిస్టర్ ఫోను కదపలేదు. మొహం నుంచి తప్పించలేదు, దగ్గరికీ తేలేదు. ఆయన తిరిగి వెల్లకిలా పడ్డాకే డాక్టరు అడిగింది.

"ఇప్పుడు ఎంత?"

"ఎనిమిది" అన్నాడు. కొంచెం ఆగి, "తొమ్మిది. ఎనిమిది మర్యాదకి చెప్పాను."

"ఎప్పట్నుంచి?"

"మీరు మొదటిసారి కనపడినప్పట్నుంచి."

డాక్టరు నుదురు మీద చెయ్యి పెట్టుకుందట. అది సిస్టర్ తర్వాత చెప్పింది.

"నన్ను దించుతారా?" అన్నాడు ఇట్టూప్.  "ఉన్నదున్నట్టు చెప్పండి."

 డాక్టరు లేచి, ఫోను తీసుకెళ్లి తన గది కిటికీకి పెట్టింది. సిస్టర్ ఫోను ఆయన కళ్ల ముందుకి తెచ్చింది. సిమెంటు నీళ్ల ట్యాంకు, ఎదురు వార్డు గోడ, గొట్టాలు.

"ఇది మా కిటికీ. ఏది, మీది చూపించండి."

సిస్టర్ ఫోను తిప్పింది. వానలో ఏలకుల ఆకులు, చెట్లకి పాకిన మిరియపు తీగలు, వాటి వెనక పొగమంచు. అలాగే కాసేపు పట్టుకుంది.

"అక్కడే ఉండండి అప్పచ్చా" అంది డాక్టరు. "ఒక మాట ముందే చెబుతున్నాను. ఎప్పుడైనా మాత్ర కడుపులో నిలవకపోతే, రక్తం పోతే, కిందికి రమ్మని అడుగుతాను. అడుగుతాను, అంతే. వద్దంటే వద్దు. లీలచ్చేచ్చి వింటుండగానే చెబుతున్నాను."

"విన్నాను" అంది సిస్టర్.

"నేనూ విన్నాను" అంది అన్నక్కుట్టి. ఆమెను ఎవరూ అడగలేదు.

ఒకటి ఉన్న చోట రెండు చెప్పింది డాక్టరు, నాలుగు గంటలకోసారి. పడుకునే ముందు వేసేది దానికి రెండింతలు. విరేచనానికి ఇచ్చేది మానొద్దంది. సిస్టర్ రేకుపెట్టె తాళం తీసి, మాత్రలు లెక్కపెట్టి, పుస్తకంలో రాసింది. మొదటి మోతాదు తనే మింగించింది. గోడ గడియారం కింద బొగ్గుముక్కతో వేళలు పెద్దగా రాసి, అన్నక్కుట్టి చేత రెండుసార్లు చదివించింది.

బయల్దేరుతుంటే ఇట్టూప్ పిలిచాడు.

"చొక్కా ఇవ్వను" అన్నాడు. "ఆ కుర్రాణ్ని అలాగే తోలమను."

నాకప్పుడు నలభై మూడేళ్లు. బనీనుతోనే జీపు తోలాను. దారంతా సిస్టర్ తన శాలువా నా భుజాల మీదికి విసురుతూనే ఉంది. నేను తోసేస్తూనే ఉన్నాను. ఆమె మొహంలో సంతోషం లేదు. మోతాదు పెరిగిన మొదటి రాత్రి ఎలా గడుస్తుందోనని ఆమె బెంగ. మత్తు ఎక్కువైతే మనిషి లేవడు. తక్కువైతే మళ్లీ రెండు అంటాడు, ఈసారి ఎవరి మాటా నమ్మడు. చర్చి మలుపులో అడిగాను, రేపు పొద్దున్నే రానా అని. ఆదివారం జీపు తియ్యకూడదు, పంచాయతీ నిబంధన.

"నాకు కాళ్లున్నాయి" అంది.

తర్వాత సంగతి అన్నక్కుట్టి అమ్మచ్చి చెప్పింది.

పొద్దున్న వాన తెరిపి ఇచ్చింది. సిస్టర్ నాలుగు కిలోమీటర్లు నడిచి వచ్చింది. చెప్పులకి బురద, చీర అంచుకి జలగ. జలగని ఉప్పుతో రాల్చి, ముందు తలుపు దగ్గరికి వెళ్లకుండా వంటింటి వైపు నుంచి వచ్చింది. బానెట్ లేదు కదా. పొయ్యి ముందు గొంతుక్కూర్చుని రెండు చేతులూ మంటకి చాపింది. ఎలా ఉన్నాడని అడగలేదు.

"రాత్రి ఒక్కసారి కూడా పిలవలేదు" అంది అన్నక్కుట్టి. "భయమేసి నేనే మూడుసార్లు లేచి చూశాను."

సిస్టర్ చేతులు తిప్పి వెనకవైపు కూడా కాచుకుంది. గదిలోకి వెళ్లింది. ఇట్టూప్ నిద్రపోతున్నాడు. ఖాకీ చొక్కాతోనే. ఎడమవైపు తిరిగి, కిటికీకి ఎదురుగా.

ఆమె గడియారం చూసుకుంటూ నిమిషంసేపు ఆయన వీపు వైపే చూసింది. పద్నాలుగు ఊపిర్లు, ఉండాల్సినన్ని. మళ్లీ లెక్కపెట్టింది. పద్నాలుగు. పుస్తకంలో రాసింది. తర్వాత ఆయన్ని ముట్టుకోకుండా, పీట మీద కూర్చుని, కాచుకున్న చేతులు స్వెట్టరులో దాచుకుని, ఆయన లేచేదాకా ఉంది.